వికృత నాదము: గ్రంజ్ గిటారు ధ్వనిని తిరిగి కల్పించు విధము

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన వేదికపై కవిత్రయమును గూర్చియో, త్యాగరాజస్వామి కృతులను గూర్చియో ఉపన్యాసములు జరుగుట వాడుక. ఈ సాయంకాలము నేనెత్తుకొన్న విషయము వానికి మిక్కిలి దూరముగా కనబడవచ్చును. అమెరికా సంయుక్త రాష్ట్రముల వాయవ్య మూలనున్న వాషింగ్టన్ రాష్ట్రమున, సియాటిల్ అను రేవు పట్టణమున, 1980 తరువాతి దశాబ్దములో రూపుదిద్దుకొన్న ‘గ్రంజ్’ అను సంగీతము కలదు. అందలి విద్యుత్ గిటారు ధ్వని ఎట్లు పుట్టునో, దానిని మన యింట తిరిగి కల్పింపవలెనన్న ఏమి కావలెనో, ఏమి అక్కరలేదో చెప్పుట నా ఉద్దేశము.

ఈ విషయమును ఎన్నుకొనుటకు కారణము కలదు. మన యిండ్లలో గిటారు నేర్చుకొను పిల్లలు నేడు పలువురు ఉన్నారు. పిల్లవాడు తలుపు మూసికొని, గిటారును ఒక చిన్న పెట్టెకు తగిలించి, పాడైన రేడియో వలె గరగర మను ధ్వనిని తెప్పించుచుండును. తండ్రి ఆలకించి, “ఏమిరా, ఆ యంత్రము చెడిపోయినదా?” అని అడుగును. “లేదు నాన్నగారూ, అది అట్లే ఉండవలెను” అని కుమారుడు బదులు చెప్పును. ఇరువురి మాటయు సత్యమే. యంత్రము ఒక విధముగా చెడినదే. అది అట్లే ఉండవలసినదే. ఈ రెండు సత్యములు ఎట్లు పొసగునో తెలిసికొన్నచో తండ్రికి కోపము తగ్గును, కుమారునికి వాద్యము మెరుగగును. అంతకంటె ముఖ్యమైన లాభము కూడ ఒకటి కలదు. దానిని చివర మనవి చేసెదను.

నేను కళాశాఖ పట్టభద్రుడను. విద్యుచ్ఛాస్త్రము నా వృత్తి కాదు. కనుక గణిత సూత్రముల జోలికి పోక, మనమెరిగిన వస్తువులతో పోల్చి చెప్పుదును.

విద్యుత్ గిటారునకు వీణకున్నట్టి కుండ లేదు. సాధారణముగా అది ఒక గట్టి చెక్క పలక. ఉక్కు తీగల క్రింద అయస్కాంతములును, వాని చుట్టును వెండ్రుక వంటి రాగితీగ వేలకొలది చుట్లును ఉండును. ఈ అమరికకు పికప్ అని పేరు. పైనున్న తీగ కంపించినప్పుడు రాగిచుట్టలో స్వల్పమైన విద్యుత్తు అదే వేగముతో ఊగును. దాని బలము సాధారణముగా ఒక వోల్టులో కొన్ని పదవ వంతులే. ఆంప్లిఫయరు దానిని పెంచి లౌడు స్పీకరునకు అందించును. పాలకొల్లున 1969లో జన్మించి 2014లో అకాలముగా అస్తమించిన మాండొలిన్ శ్రీనివాస్ గారు ఈ పికప్ సాయముతోనే, మీటిన వెంటనే ఆరిపోవు మాండొలిన్ స్వరమునకు దీర్ఘత్వము కల్పించి, కర్ణాటక సంగీత గమకములను పలికించిరి. కనుక విద్యుత్తు మన సంగీతమునకు పరాయిది కాదు. శ్రీనివాస్ గారికి కావలసినది నిర్మలత్వము. సియాటిల్ యువకులు కోరినది దానికి విపరీతము.

ప్రతి ఆంప్లిఫయరునకును ఒక అవధి కలదు. లోనికి వచ్చు కెరటము చిన్నదైనంతవరకు దానిని ఉన్నదున్నట్లు పెంచి పంపును. కెరటము మరీ పెద్దదైనచో, ఇవ్వగలిగిన వోల్టులు అయిపోవుటచే, దాని శిఖరమును కోసివేసి పంపును. ధాన్యము కొలుచునప్పుడు కుంచముపై నిలిచిన రాశిని కర్రతో త్రోసి చదును చేయుట మన పల్లెలలో పెద్దలు చూచినదే. ఇచటను అట్లే జరుగును. గుండ్రని శిఖరము చదునై అంచులు తేలును. ఈ కోతనే ఆంగ్లేయులు డిస్టార్షన్ అందురు. మనము వికృతి అనవచ్చును.

అంచులు తేలిన కెరటములో మూలస్వరము ఒక్కటే ఉండదు. దానికి మూడు రెట్లు, అయిదు రెట్లు, ఏడు రెట్లు వేగముగల తోడు స్వరములు కొత్తగా పుట్టును, లేదా ఉన్నవి బలపడును. కోత పైకిని క్రిందికిని సమముగా లేనిచో రెండు, నాలుగు రెట్ల స్వరములును చేరును. మూడు రెట్ల స్వరము మూలషడ్జమునకు పై స్థాయి పంచమము. అయిదు రెట్ల స్వరము అంతకు పై స్థాయిలోని అంతర గాంధారము. తంబురా గుర్రముపై తీగ క్రింద నూలుపోగును జరిపి జీవము పట్టించుట మన గాయకులందరు ఎరిగినదే. పోగు సరియైన చోట కుదిరినంతనే, అంతవరకు బోడిగా పలికిన తీగ జుమ్మని మ్రోగును. షడ్జములోనుండి అంతర గాంధారము తనంతట తాను వినవచ్చును. తీగకును గుర్రమునకును నడుమ రాపిడిని మితముగా కల్పించి తోడు స్వరములను మేల్కొల్పుట అందలి మర్మము. గిటారు ఆంప్లిఫయరు చేయు కోత మోటైనది, తంబురా నాదము శాంతమైనది, ఇది నిజమే. అయినను రెండును ఒకే కోరికనుండి పుట్టినవి. ఒక్క స్వరములో దాగిన అనేక స్వరములను వినవలెనన్నదే ఆ కోరిక.

ఈ కోతవలన మరియొక ఫలితము కలదు. మీటిన తీగ బలము క్షణక్షణమునకు తగ్గుచున్నను, అది అవధికి పైని ఉన్నంతసేపు బయటికి వచ్చు ధ్వని తగ్గదు. అందుచే స్వరము సన్నాయి స్వరము వలె దీర్ఘముగా నిలుచును. గట్టిగా మీటినను, మెల్లగా మీటినను ఇంచుమించు ఒకే పెద్దతనము కలుగును.

అయితే ఇట్టి వికృతి అన్ని స్వర సంపుటములను సహింపదు. రెండు స్వరములు ఒక్కసారి కోతకు లోబడినప్పుడు వాని మొత్తములును భేదములును కూడ స్వరములై పలుకును. గిటారులోని లావు తీగ సెకనుకు సుమారు 82 పర్యాయములు కంపించును. దానికి పంచమము సుమారు 123. ఈ రెండింటి భేదము 41. అనగా 82లో సగము. అది క్రింది స్థాయి షడ్జము! వాయించువాడు మీటని స్వరమొకటి అడుగున ఏనుగు నడక వలె వినబడును. షడ్జ పంచమములను మాత్రమే కలిపి మీటు ఈ సంపుటమునకు ‘పవర్ కార్డు’ అని పేరు. దానికి గాంధారమును చేర్చినచో, గిటారు మెట్లలో గాంధారము సహజ స్థానమునకు కొంచెము హెచ్చుగా ఉండుటచే, భేద స్వరములు శ్రుతిలో కుదురక మొత్తము బురదయగును. మన శాస్త్రమున షడ్జ పంచమములు ప్రకృతి స్వరములు, తక్కినవి వికృతి స్వరములు. వికృత నాదమును మోయగల శక్తి ప్రకృతి స్వరములకే ఉన్నదనుట ఎంత చక్కని సంగతి!

ఈ వికృతిని మొదట ఎవరును కోరి తెచ్చుకొనలేదు. అమెరికాలోని మెంఫిస్ నగరమున 1951లో ‘రాకెట్ 88’ అను పాట ముద్రించునప్పుడు ఆంప్లిఫయరు దెబ్బతిని ఉన్నదనియు, దానిలో కాగితములు కుక్కి పని జరిపించిరనియు చెప్పుదురు. పాట జయించెను, ఆ గరగర నచ్చెను. 1958లో లింక్ రే అను వాదకుడు అట్టి ధ్వనికై స్పీకరు కాగితమునకు పెన్సిలుతో తూట్లు పొడిచెను. 1964లో ఇంగ్లండున కింక్స్ బృందమునకు చెందిన డేవ్ డేవీస్ స్పీకరును బ్లేడుతో కోసెను. ఈ మధ్యలోనే నాష్‌విల్ నగరమున, మార్టీ రాబిన్స్ పాడి 1961లో వెలువరించిన ఒక పాటలో, శబ్దములను కలుపు యంత్రమునందలి లోపముచే ఒక వాద్యము బొంగురుగా పలికెను. ఆ లోపము ఇంజనీరు గ్లెన్ స్నాడీకి ఆసక్తి కలిగించెను. దానిని బుద్ధిపూర్వకముగా కలిగించు చిన్న పెట్టె వెలసెను. గిబ్సన్ సంస్థ దానిని 1962లో మాయెస్ట్రో ఫజ్ టోన్ అను పేర విక్రయించెను. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందపు కీత్ రిచర్డ్స్ దానిని వాడిన పాట లోకమంతట మారుమ్రోగెను. నాటినుండి వికృతి ప్రమాదము కాక సాధనమైనది. కాలితో నొక్కగానే వచ్చును, మరల నొక్కగానే పోవును. ఈ సంగతిని మీరు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాను. చివర దీనితో పని ఉన్నది.

ఇక సియాటిల్ సంగతి. గ్రంజ్ అనగా వాడుక ఆంగ్లమున మడ్డి, మురికి అని అర్థము. సబ్ పాప్ అను చిన్న సంస్థ 1987లో గ్రీన్ రివర్ బృందపు రికార్డును వర్ణించుచు ఈ మాటను వాడెను. ఆ బృందము విడిపోయిన పిదప వెలసిన మడ్‌హనీ బృందము 1988లో వెలువరించిన రికార్డునకు ‘సూపర్ ఫజ్ బిగ్ మఫ్’ అని పేరు పెట్టెను. ఇవి రెండు పెడళ్ళ పేర్లు! వీణా విద్వాంసుడు తన కచేరీకి గుర్రము పేరు, మెట్ల పేరు పెట్టినట్లున్నది కదా. ఆ యువకులకు ఆ పెట్టెల గరగర ఎంత ముఖ్యమో దీనివలన తెలియును.

సౌండ్‌గార్డెన్ అను మరియొక బృందము 1984లో ఏర్పడెను. దాని గిటారు వాదకుడు కిమ్ థాయిల్. 1960లో సియాటిల్‌లో జన్మించిన ఈతని తల్లిదండ్రులు మన కేరళమునుండి వెళ్ళినవారు. లావు తీగను ఒక పూర్ణ స్వరము దించి వాయించుట ఈ బృందము వారి పాటలలో విశేషముగా వినబడును. అట్లు దించినచో మూడు లావు తీగలను ఒక్క వ్రేలితో అదిమి షడ్జ పంచమములను పలికింపవచ్చును. నాదమునకు బరువు కూడ హెచ్చును.

అందరికంటె ప్రసిద్ధి పొందినది నిర్వాణ బృందము. దాని నాయకుడు కర్ట్ కొబేన్ 1967లో ఆబర్డీన్ అను కలప వ్యాపారపు ఊరిలో జన్మించెను. ఆ బృందపు మొదటి ఆల్బమును సియాటిల్‌లో జాక్ ఎండినో ముద్రించెను. 1989లో వెలువడిన ఆ ఆల్బమునకు ముద్రణ వ్యయము 606 డాలర్ల 17 సెంట్లు. కొబేన్ ఎడమచేతి వాటము గలవాడు. అతడు వాడిన ఫెండర్ జాగ్వార్, మస్టాంగ్ గిటార్లు ఆ దినములలో గొప్ప వాదకులు కోరినవి కావు; పాత సరకుగా చౌకకు దొరకునవి. 1991 సెప్టెంబరు 24న వెలువడిన రెండవ ఆల్బము ‘నెవర్‌మైండ్’ 1992 జనవరిలో అమెరికా పట్టికలో అగ్రస్థానమునకు చేరెను. అందలి ప్రసిద్ధ గీతపు చలనచిత్రములో కనబడిన 1969 నాటి మస్టాంగ్ గిటారు 2022లో వేలమున సుమారు 45 లక్షల డాలర్లకు అమ్ముడుపోయెను. చౌకదనము వలన చేతికి వచ్చిన వస్తువు కోటీశ్వరుని అలంకారమైనది. పిల్లలారా, మీరు గ్రహింపవలసిన మొదటి పాఠమిది: ఈ ధ్వని ధనమువలన పుట్టలేదు. తండ్రి జీతములో సగము ఖర్చు చేయించి పరికరములు కొనుట దాని స్వభావమునకే విరుద్ధము.

మరి దానిని తిరిగి కల్పించుట ఎట్లు? క్రమముగా చెప్పుదును.

మొదట గిటారు. గుర్రమునకు దగ్గరగానున్న పికప్‌ను ఎన్నుకొనవలెను; అచట ధ్వని తీక్ష్ణముగా ఉండును. ఒకే చుట్ట గల పికప్ ఇంటి విద్యుత్తు ఝుంకారమును కూడ పట్టి ఇచ్చును. మన దేశమున విద్యుత్తు సెకనుకు 50 పర్యాయములు ఊగును గనుక ఆ రొద అడుగున నిలుచును. వికృతి దానిని ఇంకను పెంచును. రెండు చుట్టలను ఎదురెదురుగా కలిపి ఆ రొదను అణచు పికప్‌ను హంబకర్ అందురు. గిబ్సన్ సంస్థలో సెత్ లవర్ 1955లో దీనిని రూపొందించెను. కొబేన్ తన చౌక గిటార్లలో గుర్రము వైపున ఇట్టి పికప్‌లనే అమర్చుకొనెను. అది ఉన్న సాధారణ గిటారు ఏదైనను చాలును.

రెండవది పెడల్. జపానునందలి బాస్ సంస్థ 1978లో వెలువరించిన డీఎస్-1 అను నారింజ వర్ణపు పెట్టెను కొబేన్ విస్తారముగా వాడెను. లోపల ఎదురెదురుగా రెండు సిలికాన్ డయోడులు ద్వారపాలకుల వలె నిలిచియుండును. కెరటము సుమారు 0.6 వోల్టులు దాటినంతనే దానిని నేలకు మళ్ళించి శిఖరమును కోయును. దానికి మూడు మీటలు ఉన్నవి: కోత ఎంత, తీక్ష్ణత ఎంత, పెద్దతనము ఎంత. కోతను ముప్పాతికకు, తీక్ష్ణతను సగమునకు పెట్టి ఆరంభింపుడు. న్యూయార్కు సంస్థ ఎలెక్ట్రో హార్మొనిక్స్ చేయు బిగ్ మఫ్ మరియొక మార్గము. అది వరుసగా రెండుమార్లు కోయును. నడిమి స్వరములను తగ్గించును. ధ్వని ఉన్నికంబళి వలె దట్టముగా ఉండును. ‘నెవర్‌మైండ్’లోని ‘లిథియం’ అను పాటలో దీని పలుకు వినవచ్చును. ఈ రెండింటిలో ఒకటి చాలును. రెండును కలిపి, అన్ని మీటలును చివరవరకు త్రిప్పుట క్రొత్తవారి ఉత్సాహము. అట్లు చేసినచో చేతి దెబ్బ వినబడక అంతయు ఒకే జోరీగ రొదయగును.

మూడవది ఆంప్లిఫయరు. దానిని నిర్మలముగా, లేక స్వల్పముగా మాత్రమే బొంగురుపోవునట్లు అమర్చి, వికృతిని పెడలుకు విడువవలెను. నడిమి స్వరముల మీటను పూర్తిగా దించకూడదు. గదిలో ఒంటరిగా వాయించునప్పుడు అది దించిన ధ్వని ఘనముగా తోచును గాని, డోలు కలిసినంతనే గిటారు మాయమగును. మన పెద్దలు ఎరిగిన వాల్వు రేడియోలలోని వాల్వుల వంటివే అనేక గిటారు ఆంప్లిఫయర్లలో నేటికిని ఉన్నవి. వాని కోత మెల్లగా ఆరంభమగును గనుక చెవికి ఇంపు. అయినను వాల్వులే కావలెనను నియమము లేదు. కొబేన్ వేదికలపై వాల్వులు గల మీసా బూగీ పరికరమునకు ట్రాన్సిస్టర్ల యంత్రములను జతపరచి వాడెను. ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలెను. వాల్వు ఆంప్లిఫయరు లోపల మూడు నాలుగు వందల వోల్టులు ఉండును. స్విచ్చి తీసిన పిమ్మటను కొంతకాలము నిలిచియుండును. పిల్లలు దాని మూత తెరువరాదు. అమెరికానుండి బంధువులు తెచ్చిన యంత్రమైనచో అది సాధారణముగా 120 వోల్టులకు చేసినది. తగిన ట్రాన్స్‌ఫార్మరు లేక మన 230 వోల్టులకు తగిలింపరాదు.

నాలుగవది స్పీకరు. దీనిని చాలమంది మరచెదరు. గిటారునకు వాడు పండ్రెండు అంగుళముల కాగితపు స్పీకరు సెకనుకు సుమారు 5,000 కంపనములకు పైనున్న స్వరములను త్వరగా అణచివేయును. కోతవలన పుట్టిన కరకుదనములో ఎక్కువ భాగము అచటనే వడగట్టబడును. పెడలును తిన్నగా కంప్యూటరునకు తగిలించి విన్నవారు, “ఇది కందిరీగల గూడు వలె ఉన్నదేమి?” అని నిరుత్సాహపడుదురు. లోపము పెడలుది కాదు; జల్లెడ లేదు. నేడు కంప్యూటరులో స్పీకరు పెట్టెను అనుకరించు సాధనములు సులభముగా దొరకును. వానిని చేర్చినంతనే ధ్వని కుదుటపడును. నిజమైన స్పీకరు ముందు మైకు పెట్టువారు దానిని నడుమకు చేర్చిన తీక్ష్ణముగాను, అంచువైపు జరిపిన మృదువుగాను వినబడునని ఎరుగుదురు గాక. ఇరువదివేల రూపాయలు పెట్టి కొన్న పెడల్ చేయని మార్పును రెండంగుళములు జరిపిన మైకు చేయును.

అయిదవది రెండుమార్లు వాయించుట. ‘నెవర్‌మైండ్’ నిర్మాత బుచ్ విగ్ ఒకే భాగమును మరల మరల వాయింపజేసి, పాడించి, పొరలుగా పేర్చెను. కొబేన్ ఇందుకు మొదట ఇష్టపడలేదు. జాన్ లెనన్ అట్లే చేసెనని విగ్ చెప్పి ఒప్పించెను. ఒకసారి వాయించిన దానిని ఎడమ చెవికి, రెండవసారి వాయించిన దానిని కుడి చెవికి పంపినచో గోడవంటి విశాలత కలుగును. ఒక దానికే నకలు తీసి రెండు ప్రక్కల పెట్టినచో ఆ ఫలము రాదు. రెండుమార్లు వాయించుటలో మానవుని చేతికి సహజమగు సూక్ష్మ భేదమే ఆ విశాలతకు మూలము.

ఆరవదియు ముఖ్యమైనదియు చేయి. ఈ సంగీతమున చరణము నిశ్శబ్దముగా, నిర్మలముగా నడచును. పల్లవి వచ్చినంతనే కాలు పెడలుపై పడును, ఆకాశము విరిగినట్లగును. ఈ పద్ధతిని బోస్టన్ నగరపు పిక్సీస్ బృందమునుండి గ్రహించినట్లు కొబేన్ తానే ఒప్పుకొనెను. చరణములోని ఆ నిదానము లేనిచో పల్లవిలోని ఆ గర్జనకు విలువ లేదు. పాట మొదలుకొని చివరవరకు పెడల్ తొక్కియుంచువానికి గ్రంజ్ ధ్వని ఎన్నటికిని రాదు. రొద మాత్రమే వచ్చును. మెల్లగా పలుకుట నేర్చినవానికే గట్టిగా పలుకు అధికారము కలదు.

ఇంతవరకు ధ్వనిని కల్పించుటను గూర్చి చెప్పితిని. ఇక కల్పింపరాని దానిని గూర్చి చెప్పవలెను. ప్రారంభమున నేనన్న ముఖ్యమైన లాభము ఇదియే.

కర్ట్ కొబేన్ 1994 ఏప్రిల్ 5న, తన 27వ యేట, ఆత్మహత్య చేసికొనెను. ఆలిస్ ఇన్ చెయిన్స్ గాయకుడు లేన్ స్టేలీ 2002లో మాదకద్రవ్యములకు బలియయ్యెను. సౌండ్‌గార్డెన్ గాయకుడు క్రిస్ కార్నెల్ 2017లో, 52వ యేట, తన ప్రాణము తానే తీసికొనెను. ఈ మరణములు ఆ సంగీతముపై ఒక నీడను పరచినవి. ఆ నీడనే వెలుగని భ్రమించువారు లేకపోలేదు. అంతటి వేదన లేనిదే అంతటి నాదము రాదని కొందరు యువకులు నమ్ముదురు. బొమ్మల చొక్కాలపై ఆ ముఖములను ధరించుచు, ఆ దుఃఖమును కూడ ఒక పరికరముగా తలంతురు.

ఈ నమ్మిక అసత్యము. మనము ఇప్పుడు క్రమముగా చూచిన ఆరు అంశములలో వేదన అనునది ఎక్కడను లేదు. అయస్కాంతము ఉన్నది, డయోడు ఉన్నది, కాగితపు స్పీకరు ఉన్నది, అభ్యాసము ఉన్నది, నిర్మాత ఓపిక ఉన్నది. మడ్‌హనీ గాయకుడు మార్క్ ఆర్మ్ ఆ ఉద్యమపు తొలి ధ్వనులను సృష్టించినవారిలో ఒకడు. అతడు సబ్ పాప్ సంస్థ గిడ్డంగిలో చాల సంవత్సరములు ఉద్యోగము చేసెను. పగలు సరకులు పంపుచు, తక్కిన వేళల తన సంగీతమును సాగించెను. ఆ బృందము 2023లో కూడ క్రొత్త ఆల్బమును వెలువరించినది. ముప్పదియైదు సంవత్సరములు ఆ మడ్డి నాదమును విడువకయే కుటుంబములతో, ఉద్యోగములతో బ్రతుకవచ్చునని వారు చూపిరి. కార్యాలయపు పని ముగించుకొని వచ్చి నాటకములు, కవితలు సాధన చేయు మన సంఘ సభ్యులకు ఈ జీవితము పరాయిదిగా తోచదనుకొందును.

యంత్రమును దాని అవధికి మించి నడిపింపవచ్చును. కాలితో మరల నొక్కినంతనే అది మొదటి స్థితికి వచ్చును. ఒక డయోడు కూడ దుఃఖింపదు. మనుష్యునికి అట్టి మీట లేదు. అవధి దాటినవానిని వెనుకకు తెచ్చుటకు మరియొక మనుష్యుడు కావలెను. కనుక యువకులారా, కోపమున్నచో, బెంగయున్నచో గిటారులో పలికింపుడు, మిక్కిలి మంచిదే. కాని గిటారుతో మాత్రమే చెప్పుకొని ఊరకుండకుడు. తల్లితోనో, తండ్రితోనో, స్నేహితునితోనో నోరు తెరిచి చెప్పుడు. ఇంట చెప్పుకొనలేనిచో, మన ప్రభుత్వము 2022లో ఆరంభించిన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యపై ఫోను చేయవచ్చును. దానిలో చిన్నతనమేమియు లేదు.

పెద్దలకును ఒక మాట. మూసిన తలుపు వెనుకనుండి గరగర ధ్వని వచ్చినప్పుడు భయపడనక్కరలేదు. ఒకసారి లోనికి పోయి, “చరణములో ఇంత మెల్లగా వాయించితివి, పల్లవిలో ఏల గర్జించితివి?” అని అడుగుడు. ఆ ప్రశ్న పిల్లవానికి మహదానందము కలిగించును. మీరు విన్నారని అతడు తెలిసికొనును. ధ్వని ఆగినప్పుడు, రోజులకొలది గిటారు గోడకు ఆనియున్నప్పుడు, పిల్లవాడు ఊరక గదిలో కూర్చున్నప్పుడు మాత్రము మరింత శ్రద్ధతో అడుగవలెను.

ప్రక్క యింటివారిని మరచిపోరాదు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము నివాస ప్రాంతములలో పగలు 55 డెసిబెళ్ళు, రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 వరకు 45 డెసిబెళ్ళు అవధి. చెవి విషయములో 85 డెసిబెళ్ళ ధ్వనిని రోజునకు ఎనిమిది గంటలకు మించి వినరాదనియు, అంతకు మూడు డెసిబెళ్ళు హెచ్చినప్పుడెల్ల ఆ కాలమును సగము చేయవలెననియు అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. సంతోషకరమైన విషయమేమనగా, కోత పెడలులో జరుగును గనుక, ఆంప్లిఫయరు మెల్లగా పలికినను వికృత నాదము వికృత నాదముగనే ఉండును. తలవాయిద్యము పెట్టుకొన్నచో అర్ధరాత్రియందును ఎవరికిని నిద్రాభంగము లేదు. ఆ తలవాయిద్యమును కూడ మితముగనే పలికింపవలెను.

సోదరీ సోదరులారా! చెడిన స్పీకరునుండి పుట్టిన లోపమును ఒకరు చెవియొగ్గి విని సాధనముగా మార్చిరి. మరియొకరు దానిని చౌక గిటారుతో జతచేసిరి. వేరొకరు దానికి ముందు నిశ్శబ్దమును నిలిపి అర్థము కల్పించిరి. వికృతికి అందము వచ్చినది దానిని అదుపులో నుంచినవారి వలననే. మన పిల్లలు ఆ అదుపును నేర్చుకొందురు గాక, ఆ నాదమును ఆనందింతురు గాక, దీర్ఘాయుష్మంతులై తమ పిల్లలకును దానిని వినిపింతురు గాక.